చప్పుడు చేయని ఫ్యాను

"నాకు ఆ పాత చప్పుడే కావాలని ఎన్నిసార్లు చెప్పినాను? నువ్వు బిగించిందేంది?"

పెంచల్ బొమ్మ విమానాన్ని రొయ్యల గుంట గట్టు మీద పెట్టి, దాని ముక్కుకున్న కొత్త ప్రొపెల్లరును వేలితో తిప్పాడు. అది మెత్తగా తిరిగి ఆగింది.

మాల్యాద్రి దానివంక చూడలేదు. అల్లూరులో అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. పక్క గుంట కూడా అతనిదే. విమానం గట్టుకు తగిలి పాత ప్రొపెల్లరు విరిగిపోతే, చెన్నై నుంచి కొత్తది తెప్పించి బిగించింది అతనే.

"ఎగరతా వుంది గదన్నా," అన్నాడు.

"ఎగరతా వుంది. గద్ద మాదిరి ఎగరతా వుంది. చప్పుడేదబ్బయా?"

పెంచల్ రిమోట్ అందుకుని విమానాన్ని గాల్లోకి విసిరాడు. అది గుంట మీదుగా తిన్నగా వెళ్లి, సముద్రం వైపు ఒక చుట్టు చుట్టి, మళ్లీ నీళ్లకు తగిలేంత కిందికి వచ్చింది. నీటికాకులు తలెత్తి చూశాయి. చూసి, మళ్లీ మునిగాయి. పైకి లేచిన ఒకదాని ముక్కులో రొయ్య తళుక్కుమంది.

అవతలి గుంట కాపలా ఓబులేసు గట్టు మీద కూర్చుని నవ్వాడు. "చుట్టమొచ్చినాడనుకుంటా వుండాయి పెంచలా! ఆ నీటికాకిని చూడు, రెక్కలు ఆరబెట్టుకుంటా వుంది."

పెంచల్ నవ్వలేదు. విమానాన్ని దించి చేతిలోకి తీసుకున్నాడు. రొయ్యల పట్టుబడికి ఇంకా కొద్దిరోజులే ఉంది. రోజూ ఇట్లా తింటూ పోతే వల వేసేనాటికి గుంటలో నీళ్లే మిగులుతాయి.

"పాతది చిన్న ఫ్యాను. గిర్రున తిరిగి కీచుమనేది. ఒక్క పిట్ట నిలిచేది కాదు. ఇంత పెద్దది ఎందుకు పెట్టినావు?"

"పెద్దదైతే మెల్లగా తిరిగినా విమానాన్ని లాగతాదన్నా. బ్యాటరీ ఎక్కువసేపు వస్తాది."

"బ్యాటరీ గురించి నేనడిగినానా? మెల్లగా తిరిగితే చప్పుడు రాదని నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసే పెట్టినావా?"

మాల్యాద్రి చెప్పుతో గట్టు మీది మట్టిగడ్డను చిదిమాడు. "తెలిసే పెట్టినా."

"ఇందులో అడిగేదేముందబ్బా," అన్నాడు ఓబులేసు. "నీ గుంటలో లేచిన పిట్టలు ఎవురి గుంటలో వాలతాయి? పక్కనున్న గుంటలోనే గదా. నీ విమానం అరిచినన్ని దినాలూ మాల్యాద్రి రొయ్యలే గదా వాటికి మేత. ఇప్పుడు ఆయన గుంటను చూడు, ఎంత చల్లగా వుందో."

పెంచల్ పక్క గుంట వైపు చూశాడు. అక్కడ ఒక్క కొంగ కూడా లేదు.

"అంతేనా మాల్యాద్రీ?"

"అట్టనే అనుకో అన్నా."

"అన్నా అనబాక." పెంచల్ గొంతు పెరగలేదు. "నీ చేతిలో పెడితే మళ్లీ చూసుకోబళ్లేదనుకున్నా. ఆ చప్పుడు ఏ ఫ్యానుతో వస్తాదో నీకే వదిలేసినా. పరాయోడు చేసింటే పడేవాణ్ణి. నువ్వు చేసినావు."

మాల్యాద్రి ముఖం ఎర్రబడింది.

"సరే, అయిందేదో అయింది. దీన్ని పీకేసి చిన్నది బిగించు. ఇప్పుడే."

"నేను బిగించను."

"ఏం?"

"మాటిచ్చినా."

"ఎవురికి?"

మాల్యాద్రి చూపు పక్కకు తిరిగింది. అన్నం క్యారియరుతో వస్తున్న వనజాక్షి గట్టు మలుపులోనే ఆగిపోయి ఉంది. భర్త చేతిలోని విమానాన్ని, మాల్యాద్రి ముఖాన్ని చూసి, దగ్గరికి వచ్చింది.

"నాకు," అంది. "అతన్ని ఏమీ అనబాక. చప్పుడు రానిది పెట్టమని నేనే అడిగినా. నీకు చెప్పొద్దన్నదీ నేనే."

"నువ్వు పో వదినా, నేను చెప్పుకుంటా," అన్నాడు మాల్యాద్రి.

"ఇంకా ఎన్ని మాటలు పడతావు?"

ఓబులేసు తువ్వాలు దులుపుకుని లేచి, తన గుంట వైపు వెళ్లిపోయాడు. పెంచల్ భార్యను ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"నువ్వా? వాడంటే పక్క గుంటోడు. నీకేం తక్కువైంది? ఈ పంట పోతే మనం ఏం తింటాం?"

"పంట పోతాదని తెలుసు."

"తెలిసే, ఇంట్లో వుండి నా వెనక ఈ పని చేసినావా? నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే మానుకుంటావా? పంటంటావు, కొంగలంటావు." ఆమె క్యారియరును కింద పెట్టింది. చేతులు ఖాళీ అయ్యాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు పట్టుకుంది. "మన బిడ్డ వాణి పోయినాక దాని విమానాన్ని అటకెక్కించి వుంటే బాగుండేది. నువ్వు ఎగరేసినప్పుడల్లా ఆ కూత ఇంట్లోకి వినపడతాది. బిడ్డ గట్టు మీద ఆడుకుంటా వుందనుకొని పళ్లెంలో అన్నం పెట్టేస్తా. పిలిచేదానికి వాకిట్లోకి వచ్చినాక గాని, లేదని గుర్తుకు రాదు. ఎన్ని దినాలని ఆ అన్నం ఎత్తి పారబొయ్యాల?"

మాల్యాద్రి తల వంచుకున్నాడు. గుంటలో నీటికాకులు మునుగుతున్నాయి, లేస్తున్నాయి. పెంచల్ వాటివైపు చూడలేదు. విమానాన్ని ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"మరి నేను దీన్ని కొంగల కోసమే ఎగరేస్తా వుండాననుకున్నావా వనజా?" అన్నాడు.