ల్యాబు అప్పగింత

నా భార్య చనిపోయిన నెలకు, మేమిద్దరం పాఠాలు చెప్పే యూనివర్సిటీ డీన్ నన్ను ఆమె ల్యాబుకు తీసుకెళ్లాడు. ఆమె ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది. అందుకని నన్ను బావగారూ అంటాడు.

నేలమాళిగలో కిటికీ లేని గది అది. రంగులు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి ఎంత హానికరమో ఆమె అక్కడే కూర్చుని కొలిచేది. చివరికి ఊపిరితిత్తులు చెడిపోయాయి. కారణం చెప్పలేమన్నారు డాక్టర్లు.

డీన్ గుమ్మం బయటే ఆగాడు.

"ఈ ప్రాజెక్టుది యూనివర్సిటీ సొంత నిధి బావగారూ. మన అధ్యాపకులే ఎవరో ఒకరు కొనసాగించాలి. లేకపోతే ప్రాజెక్టు రద్దు. చెల్లెమ్మ కష్టమంతా గంగలో కలుస్తుంది."

దేన్నయినా సగంలో వదిలేయడం ఆమెకు గిట్టేది కాదు.

"నేను పూర్తి చేస్తాను," అన్నాను.

"మీరు కాదనరని తెలుసు!" ఆయన ముఖం విప్పారింది. "ఈ అప్పగింత కాగితం మీద సంతకం పెట్టేయండి. పక్కనే, మీ తర్వాత ఎవరు చేస్తారో ఆ పేరు కూడా రాయండి."

"నా తర్వాతా? అన్ని ప్రాజెక్టులకూ అడుగుతారా ఇలా?"

"అబ్బే, ఈ గదికే. ప్రతిసారీ కొత్త మనిషిని వెతుక్కోలేక చస్తున్నాం బావగారూ."