గది చప్పుడు

"ఒక్క నిమిషం ఎవరూ నోరు మెదపకండి. గది చప్పుడు తీసుకోవాలి," అంది రేడియో అమ్మాయి, హెడ్‌ఫోన్లు చెవులకు సర్దుకుంటూ.

పరుపుల కంపెనీలో దూది కూరే గది అది. భోజనాల వేళ కాబట్టి మిషన్లు ఆగి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్లు ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నారు. జుట్టు మీద, కనుబొమల మీద దూది పడి, అందరూ ఒక్క పూటలో ముసలివాళ్లయిపోయినట్టున్నారు. ఆమె వెనక, తలుపు దగ్గర మేనేజరు నిలబడ్డాడు.

"ఖాళీ గదికి చప్పుడేంటమ్మాయ్?" అన్నాడాయన.

"మాటలు కత్తిరించినచోట అతుకు తెలియకుండా వేసుకోవడానికి. చీర చిరిగితే అదే రంగు దారం వెతుక్కోమూ? అలాగే."

బయటివాళ్లెవరినీ గడప తొక్కనివ్వని కంపెనీ అది. నెల్లాళ్లు పొద్దున్నా రాత్రీ చెవిలో జోరీగలా పోరితే మేనేజరు సరేనన్నాడు. అదీ ఒక్క షరతు మీద. ఎవరేం మాట్లాడినా తన ఎదుటే మాట్లాడాలి. అలాగే మాట్లాడారు పాపం. "మాకేం కొదవ? కంటికి రెప్పలా చూసుకుంటారు," అని పదిమందీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. ఒంట్లో ఎలా ఉంటుందని అడిగితే వాళ్లకంటే ముందు ఆయనే అందుకున్నాడు.

"మా దగ్గర దగ్గేవాళ్లే లేరు. రాసుకో."

ఇప్పుడు ఆ నిమిషం మొదలైంది. మాట్లాడేటప్పుడు ఎలాగో బిగబట్టుకున్నారు గానీ, నిశ్శబ్దంలో గొంతు మాట వింటుందా? ముందు, వాళ్లంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ దగ్గింది. ఆవిడను చూసి పక్కావిడ. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. వెనక నుంచి మేనేజరు చేతులూపుతున్నాడో, పళ్లు నూరుతున్నాడో, ఆమె తిరిగి చూడలేదు. నిమిషం నిండేదాకా మైకు దించలేదు.

స్టేషన్లో డైరెక్టరు ఆ ఏడు నిమిషాల కార్యక్రమం విని తల పట్టుకున్నాడు.

"చివర్లో ఈ నిమిషమంతా ఏంటి? మాట లేదు, పాట లేదు! తీసెయ్."

"తీసెయ్యను."

"కంపెనీవాళ్లు ఊరుకుంటారా?"

"ఎందుకూరుకోరు? వాళ్లను ఎవరూ పల్లెత్తు మాటనలేదే! పొగిడిన పొగడ్తలన్నీ ఉంచాను. ఆ తర్వాత గది చప్పుడు ఉంచాను. అంతే."

"నీ ఉద్యోగం పోతుంది, చెబుతున్నా."

"కావాలంటే అది మీరు తీసెయ్యండి. నిమిషం మాత్రం నేను తియ్యను."

ఆయన ఆమె మొహంలోకి చూసి, ఇక లాభం లేదనుకున్నాడు. "నీ ఇష్టం. నెత్తిమీదికొస్తే నా దగ్గరికి రాకు," అన్నాడు.

వచ్చింది. ప్రసారమైన మర్నాడే మేనేజరు స్టేషనుకు వచ్చి డైరెక్టరు ఎదుట కూలబడ్డాడు. ఆమెను పిలిపించారు.

"మా యజమాని నిప్పులు తొక్కిన కోతిలా ఎగురుతున్నాడు," అన్నాడు మేనేజరు. "ఆ గదిలో ఉన్నది పదిమంది. నేను నాలుగుసార్లు విన్నాను, దగ్గే గొంతులు పదకొండున్నాయి. ఒకటి ఈ అమ్మాయి ఇక్కడ కలిపింది. ఒకటి కలిపినావిడ పదీ కలపదని ఏంటి నమ్మకం? రేపు ఆ కార్యక్రమం టైముకే అంతా కల్పితమని చెప్పించండి."

డైరెక్టరు మొహం పాలిపోయింది. "కలిపావా?"

"లేదు."

"ఆ పదకొండో గొంతు ఎవరిదో చూపించు. చూపించలేకపోతే రేపు క్షమాపణ చదివి, ఎల్లుండి నుంచి రావడం మానెయ్."

ఆమె ఆ నిమిషం రికార్డింగు పెట్టి, మేనేజరు వైపు తిరిగింది. "ఏది కలిపానో మీరే చెప్పండి."

ఆయన కళ్లు మూసుకుని వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "ఇది పెద్దక్క. ఇది అంచులు కుట్టే పొట్టమ్మ. ఇది కొత్తగా చేరిన పిల్ల, దీనిదింకా పొడి దగ్గే. ఇది..." పదిమందినీ గడగడా చెప్పేశాడు.

"మీ దగ్గర దగ్గేవాళ్లే లేరన్నారుగా?" అంది ఆమె. "చూడకుండానే పదిమందినీ ఎలా పట్టేశారు?"

డైరెక్టరు కుర్చీ మెల్లిగా మేనేజరు వైపు తిరిగింది. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అదంతా ఇప్పుడెందుకు? ఇదిగో, ఈ పదకొండోది! గొంతులోనే నొక్కేసినట్టుంది. ఇలా దగ్గేవాళ్లు మా కంపెనీలో లేనే లేరు. నువ్వు చేర్చిందే! కాదంటే ఎవరిదో చెప్పు. లేకపోతే క్షమాపణ చదువు."

"చదవను," అంది ఆమె. ఆ చోటికే వెనక్కి తిప్పి, సౌండు పూర్తిగా పెంచి, హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవులకు తనే పెట్టింది. మళ్లీ వినిపించింది. ఇంకోసారి వినిపించింది. ఆయనకు అప్పటికీ తెలియలేదు.

"ఎవరిది?" అన్నాడు, ఈసారి కాస్త తగ్గి.

ఆమె హెడ్‌ఫోన్లు ఒక పక్కకు జరిపి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మీదే, నాన్నా."