ఇడియం తెలిసిన అల్లుడు

“చనిపోవడమండీ,” అన్నాడు వరప్రసాద్.

జగన్మోహనరావు కాఫీ కప్పు టక్కున బల్ల మీద పెట్టేశాడు. పెళ్లిచూపులకు వచ్చి, మైసూరుపాకు తిని, పిల్ల ఎదురుగా కూర్చుని అనే మాటేనా అది?

“కిక్ ది బకెట్ అంటే చావా?”

“అవునండీ. కాలేజీలో నేను చెప్పేది ఇంగ్లీషేనండీ. ఫలానాయన బకెట్ తన్నాడంటే ఆయన పోయాడని అర్థం.”

“పనులన్నీ చకచకా తెమల్చుకుని లేవడమయ్యా! మా ఆఫీసరుగారు ఐదింటికల్లా బకెట్ తన్నేస్తారు. అంటే రోజూ చచ్చి, మర్నాడు పొద్దున్నే లేచి ఆఫీసుకొస్తున్నారా?”

వరప్రసాద్ కుర్చీలో ముందుకు జరిగాడు. “ఏ పుస్తకంలో ఉందండీ ఈ అర్థం?”

“పుస్తకాల్లో దొరికేది గ్రామరు. ఇడియం సాధన మీద వస్తుంది. ఇక వెళ్లిరండి.”

జగన్మోహనరావుది బందరు. రాష్ట్రం ఏర్పడ్డాక ఆఫీసుతో పాటు హైదరాబాదు వచ్చి, నాంపల్లి స్టేషను వెనక అద్దెకు దిగాడు. గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ లేని జబ్బు సూపరింటెండెంటు కాగానే పట్టుకుంది. ఇడియం లేకుండా నోరు విప్పడు. ఆబిడ్స్‌లో బట్టల షాపు మెట్లెక్కగానే రెండు చేతులూ జోడించి, “ఐయామ్ పుల్లింగ్ యువర్ లెగ్” అంటాడు. నమస్కారమని ఆయన ఉద్దేశం. ఆటపట్టిస్తున్నానని చెబుతున్నట్టు ఆయనకు తెలియదు. షాపాయన మర్యాదస్థుడు కాబట్టి నవ్వి ఊరుకుంటాడు.

అల్లుడికి ఆస్తి లేకపోయినా ఫరవాలేదు, ఇడియం ఉండాలని ఆయన పట్టుదల. వరప్రసాద్ కంటే ముందొచ్చిన ఇంజనీరు ‘వైట్ ఎలిఫెంట్’ దగ్గర జారిపడ్డాడు. దండగమారి ఖర్చు, వదిలించుకోలేని బరువు అన్నాడు పాపం.

“ఐరావతమయ్యా! ఇంటికి నడిచొచ్చే అదృష్టం. అది నీకు బరువా?” అని జగన్మోహనరావు అతన్ని వీధిగుమ్మం దాకా సాగనంపి తలుపేసుకున్నాడు.

“బి.ఏ. చదివిన పిల్ల. మీ బకెట్ల, ఏనుగుల మధ్య దాని పెళ్లేం కాను?” అని భార్య కోటేశ్వరమ్మ మొత్తుకుంది. భర్త వినడని తెలిసి కూతురి వైపు తిరిగింది. “ఏమే సుబ్బరత్నం, నువ్వైనా చెప్పవే!”

“నాన్నకి నేను చెప్పేంతదాన్నా అమ్మా?” అంది సుబ్బరత్నం తల వంచుకుని.

ఇంతలో ఇంటి ఓనరు వెంకటేశం ఒక సంబంధం చెప్పాడు. “మా తమ్ముని కొడుకు ప్రహ్లాద్. గన్‌ఫౌండ్రీల బ్యాంకు నౌకరీ. చదివింది ఉర్దూ మీడియమే గానీ మంచి పిలగాడు. జర చూడున్రి సార్.”

జగన్మోహనరావు జంకాడు. భాష వేరు, తీరు వేరు. కానీ ఉంటున్నది వాళ్లింట్లో. కాదంటే బాగుండదు. పరీక్ష ఎలాగూ ఉంది కదా, కాదన్న పాపం ఇంగ్లీషుకే పోతుందని ధైర్యం తెచ్చుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ప్రహ్లాద్ పెదనాన్నతో వచ్చి, కుర్చీ అంచున కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

“కిక్ ది బకెట్?” అన్నాడు జగన్మోహనరావు, ఉరిశిక్ష చదువుతున్నట్టు.

ప్రహ్లాద్ కాసేపు పైకప్పు వైపు చూశాడు. “పని... జల్ది తెమిలిచ్చుకొని లేసుడు సార్.”

జగన్మోహనరావు ముందుకు వంగాడు. “పుల్లింగ్ ది లెగ్?”

“పెద్దలకు దండం పెట్టుడు.”

“వైట్ ఎలిఫెంట్?” ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

“అదృష్టం సార్. నడ్సుకుంట ఇంట్లకొస్తది.”

జగన్మోహనరావు లేచి వచ్చి అతని భుజాలు పట్టుకున్నాడు. “లెక్చరర్లకు రాలేదు, ఇంజనీర్లకు రాలేదు. ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?”

“సాధన సార్.”

“బాబూ, నువ్వు మా ఇంటికి వైట్ ఎలిఫెంట్‌వి!”

“ఐయామ్ పుల్లింగ్ యువర్ లెగ్ సార్,” అని ప్రహ్లాద్ ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

వెంకటేశం అయోమయంగా ఇద్దరినీ చూశాడు. “ఏందిరా, ఒప్పుకున్నట్టేనా?”

“ఔ పెదనాయినా.”

కాఫీ తెస్తున్న సుబ్బరత్నం పళ్లెం గట్టు మీద పెట్టి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. గోడ వైపు తిరిగి నిలబడితే ఆమె భుజాలు అదురుతున్నాయి. కోటేశ్వరమ్మ వెనకే వచ్చి దగ్గరకు తీసుకుంది.

“ఏడవకే తల్లీ. నీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. ఇంటాయన ఏమనుకున్నా సరే, ఈ ఇల్లు ఖాళీ చేసి కాచిగూడ పోదాం. మీ నాన్నతో నేను పోట్లాడతాను.”

సుబ్బరత్నం కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

“వద్దమ్మా. నాన్న అన్ని పరీక్షలు పెట్టి ఎంచాక నేను కాదంటానా?”

ఈ కాలంలో ఇంత వినయం ఏ పిల్లకుందని కోటేశ్వరమ్మ పొంగిపోయింది. ముందుగదిలో జగన్మోహనరావు ముహూర్తాల మాట ఎత్తాడు.

కాబోయే మామకూ అల్లుడికీ ఆ అర్థాలు నేర్పింది సుబ్బరత్నమే.