మెడ అడుగున తేదీ

జూన్ 14. నాన్న తన పాత ఎలక్ట్రిక్ గిటార్‌ను మొదటిసారి నా చేతికిచ్చాడు.

“ఆ గరగర ఆపు చూద్దాం. తర్వాత ఈ పిచ్చి కట్టిపెట్టి మన కొట్లో కూర్చో. నువ్వు పుట్టిన రోజే నేను సంగీతం మానేశాను తల్లీ. నీకోసం నేను వదులుకోలేదా?”

చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. అందుకే గిటార్ల తయారీ శిక్షణలో సీటొచ్చినా, చేరడానికి రేపే ఆఖరి రోజైనా వద్దనుకున్నాను.

స్క్రూలు విప్పి, తీగలు సాగే పొడవాటి మెడను ఊడదీశాను. మెడ అడుగున కంపెనీ ముద్ర, తయారీ తేదీ. వాల్యూమ్ నాబ్ కింద ఉండే లోపలి భాగం మీదా అదే సంవత్సరం. వైర్లను అతికిన టంకం ఎవరూ కదిపినట్టు లేదు. ఏ భాగమూ మార్చలేదు. నాబ్ లోపలి దుమ్ము తుడిచి, అన్నీ మళ్లీ బిగించాను.

“ఏంటమ్మా, చేతకావట్లేదా?” అని నవ్వాడు.

“అయిపోయింది నాన్నా.”

ఆ గిటార్ తయారయ్యేనాటికి నాకు ఆరేళ్లు.

రేపు పొద్దున మొదటి బస్సుకే వెళ్లి శిక్షణలో చేరతాను.