చంగయ్య చుట్ట

ఒక అడవిలో చంగయ్య అనే జింక ఉండేవాడు. పరుగు పందెం ఏదైనా గెలుపు అతనిదే. అదీ నోట్లో చుట్ట కాలుతుండగానే! అడవిలోకి చుట్ట ఎలా వచ్చిందంటారా? మా కాలేజీ హాస్టల్లోకి మాత్రం ఎలా వచ్చేదో ఎవరికి తెలుసు!

"పిల్లలు చూస్తున్నారు, ఆ పొగ మానవయ్యా," అంది ముళ్లపంది.

"నా ఊపిరి, నా ఇష్టం. ముందు నన్ను దాటి చూపించు, తర్వాత నీతులు చెబుదువుగాని!"

ఆ ఏడాది పిల్లల పందెంలో చంగయ్య మేనల్లుడు బుడ్డోడు సగం దారిలోనే ఖళ్లుఖళ్లున దగ్గుతూ కూలబడ్డాడు. నోట్లోంచి కాలుతున్న చుట్ట ముక్క రాలింది.

చంగయ్య పరుగున వచ్చి వాణ్ణి లేవదీశాడు. "ఒరేయ్, నేను గెలిచేది కాళ్లతోరా, చుట్టతో కాదు!"

బుడ్డోడు రొప్పుతూ అన్నాడు: "నీ కాళ్లు నాకెక్కడ దొరుకుతాయి మావయ్యా? చుట్టయితే దొరికింది."