రెండు కుర్చీల మధ్య

విశాఖలో జరగబోయే అంతర్జాతీయ అవయవదాన సదస్సుకు వేదిక ఏర్పాట్లన్నీ లిఖితే చూస్తోంది. సందుసందునా దుకాణాల్లో కొత్త కిడ్నీలు పెంచి అమర్చుతున్న ఈ రోజుల్లో దానమంటే పాత జ్ఞాపకాల పండగే. అందుకే, భార్య హారిక ఎప్పుడో ఇచ్చిన కిడ్నీతోనే రోజూ మందులు మింగుతూ నెట్టుకొస్తున్న తునిలో ఉండే భార్గవ్‌కి, ఆవిడకి కలిపి దంపతుల సన్మానం పెట్టారు.

లిఖితకి అది మింగుడుపడలేదు. తనూ మొగుడు నిఖిల్‌కి ఒక కిడ్నీ ఇచ్చింది. నిఖిల్ నిరుడు దసరా ఆఫర్లో దాన్ని ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేసి, కొత్తది వేయించుకుని, జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాడు.

ఏ రైలుకి వస్తారో కనుక్కుందామని హారికకి ఫోన్ చేసింది. మాటల్లో మాటగా, మీ ఆయన ఇంకా కొత్తది ఎందుకు వేయించుకోలేదని అడిగింది.

"ఆయనకి నా మీద ప్రేమా పాడా, కత్తంటే భయమండీ," అని నవ్వింది హారిక.

లిఖిత ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలోనే వెనక నుంచి భార్గవ్ గొంతు వినిపించింది.

"భయం కాదండీ. పాతది దుకాణం వాళ్లు తీసేసుకుంటారంట. ఈవిడది ఇంకెవరి దగ్గరో ఉండటం నాకిష్టం లేదు."

"చాల్లెండి, సంబడం," అంది హారిక. ఆ మురిపెం లిఖితకి చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

ఫోన్ పెట్టేసి, వేదిక అలంకరించే సత్తార్‌ని పిలిచింది.

"దంపతుల కుర్చీల మధ్య ఆ పెద్ద పూలకుండీ పెట్టించండి."

"అప్పుడు ఒకరికొకరు కనపడరు మేడమ్."

"జనానికి కనపడితే చాలు," అంది లిఖిత.