ఎదురుకొట్టు

పెళ్లి వీడియోలు తీసే నరేంద్రబాబు పరుగున సుభాని కంప్యూటర్ రిపేరు షాపులోకి వచ్చాడు.

"సుభానన్నా, ఈ ఎస్సెస్డీ డిస్కు సగం కాపీ అయ్యి ఆగిపోతా ఉండాది. రమణయ్య గారి కూతురి పెళ్లంతా దీంట్లోనే ఉంది. పెళ్లయిన వారానికే ఆయన పొయ్యినాడు. నాయన కనిపించే ముక్క ఒక్కటన్నా ఇయ్యమని ఆ పిల్ల ఒకటే ఏడుపు."

సుభాని డిస్కును పరీక్షకు పెట్టాడు. తెర నిండా ఎర్ర గళ్లు.

"బ్యాడ్ సెక్టార్లు, డిస్కు ఆడాడా చెడిపొయ్యింది. రిపేరు పెడతా. వస్తే వచ్చినట్టు, పోతే పొయ్యినట్టు."

నరేంద్రబాబు డిస్కు తీసుకుని రోడ్డు దాటాడు.

ఎదుట డిస్కులు బాగుచేసే బెన్హర్ షాపు. ఏ ఊరివాడో, ఆరు నెలల కిందటే విడవలూరు వచ్చాడు.

"ఇప్పుడే రిపేరు పెడితే ఉన్నది కూడా పోతుంది. ముందు చదవగలిగినంతా వేరే డిస్కులోకి తీసుకుందాం. మొరాయించిన చోట్లను చివర్లో మళ్లీ ప్రయత్నిద్దాం. మీరు నా పక్కనే కూర్చోండి" అన్నాడు బెన్హర్.

సాయంత్రానికి తెరమీద రమణయ్య అల్లుడి కాళ్లు కడుగుతూ కనిపించాడు.

మర్నాడు బజారంతా బెన్హర్ పేరే.

మధ్యాహ్నం సుభాని అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

"ఏమైంది?" అంది భార్య షమీమ్.

"నిన్నగాక మొన్న వచ్చినోడికి ఊరంతా దణ్ణాలు పెడతా ఉండారు. నేనేమో కనబడను."

సాయంత్రం టీకొట్టు దగ్గర సుభాని పక్కనున్నవాడితో గొంతు తగ్గించి అన్నాడు.

"జాగర్త అబ్బయ్యా. డిస్కుల్లో ఉండే ఆడోళ్ల ఫొటోలు ఆ బెన్హర్ కాపీ పెట్టుకుంటాడంట."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురో అనుకుంటా ఉంటే విన్నా."

ఆ మాట కొడవలూరు దాకా పాకింది. బెన్హర్ షాపు బోసిపోయింది. చివరికి కొట్టు ఖాళీ చేయమన్నాడు యజమాని.

సామాను ఆటోలో పెట్టించి, బెన్హర్ రోడ్డు దాటి వచ్చాడు.

"వెళ్లొస్తాను సుభాని గారూ."

సుభాని స్క్రూ తిప్పుతూ, తలెత్తకుండానే "ఊఁ" అన్నాడు.

ఆ వారమే షాపుకు కొత్త బోర్డు పెట్టించాడు.

జనం మాత్రం రాలేదు. ప్రింటర్లకీ కీబోర్డులకీ రోజూ వచ్చేవాళ్లు కూడా కనిపించలేదు.

నరేంద్రబాబు అటు పోతుంటే పిలిచాడు.

"ఏంది నరేంద్రా, సంగం ఊరోళ్లు, కొడవలూరోళ్లు ఒక్కరూ రాటం లేదే?"

"వాళ్లు నీ కోసం ఎప్పుడొచ్చినారన్నా? వచ్చేది బెన్హరన్న కాడికి. 'డిస్కులు నేను చూస్తా, తక్కిన పనులకి సుభాని గారి చెయ్యి మంచిది' అని ఆయనే ఇటు పంపేవాడు."

సుభాని ఎదుటి ఖాళీ కొట్టు వైపు చూశాడు.

"ఆ ఫొటోల మాట పుట్టించింది నువ్వేనని తెలిసినాక గూడా, వచ్చిన ఒకరిద్దర్నీ నీ కాడికే పంపినాడు."